రాణిని బతికించడానికి కుప్పం ప్రయాణం

మదనపల్లి నుంచి కుప్పం పోయి రావడం కూడా ఒక యాత్రేనా అని మా మనవరాలు శ్రావణి నవ్వింది. నిజమే. కాశీ కాదు, రామేశ్వరం కాదు. మూడు బస్సులు మారితే చేరే ఊరు. కానీ కాశీకి పోయేవాళ్ళు తమ తప్పు ఎవరికీ చెప్పకుండా గంగలో ముంచి వస్తారు. నేను పోయింది, నా తప్పు ఎవరికి తగిలిందో వాళ్ళ ఎదుట నిలబడి చెప్పుకోవడానికి. దానికి గంగలో మునగడంకన్నా ఎక్కువ ధైర్యం కావాలి. అందుకే రాస్తున్నాను. కుప్పం చూడనివాళ్ళకు చూసినట్టు ఉంటుంది, పక్కవాళ్ళకు పుస్తకాలు చదివి వినిపించే అలవాటున్నవాళ్ళకు బుద్ధి చెప్పినట్టూ ఉంటుంది.

నేను చదివింది మూడో తరగతి. ఆ ఏడు మా నాయన రెండు ఎనుములు కొన్నాడు, నా చదువు వాటి వెంట మేతకు పోయింది. అక్షరాలు మాత్రం మరిచిపోలేదు. పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాక మా వీధి చివర గ్రంథాలయంలో కార్డు తీసుకున్నాను. కార్డు తీసుకున్నాక పుస్తకం తెచ్చుకోకపోతే నష్టం మనకే. తెచ్చుకున్నాక ఒక పేజీ వదిలినా నష్టమే. వేలు పెట్టి, పైకి చదువుతాను. పుస్తకం వెల, అచ్చు వేసిన ఊరు, ఆఖర్లో తప్పొప్పుల పట్టిక, అన్నీ చదువుతాను. అలాంటిదాన్ని ఒక అధ్యాయం మొత్తం మింగేశాను. అదీ నేను చేసిన తప్పు.

చింతపండు దగ్గర

ఎండాకాలంలో మా వీధి ఆడవాళ్ళు వ్యాపారుల దగ్గర చింతకాయ తెచ్చుకుని పెంకు తీసి, గింజ కొట్టి, నార లాగి ఇస్తారు. మధ్యాహ్నం తిండ్లు అయ్యాక మా వసారాలో పదిమందిమి కూర్చుంటాము. నేను చదువుతాను, వాళ్ళు గింజ కొడతారు. చదివేదానికి చేతులు ఆడవు కదా, అందుకని లేచి పోయేటప్పుడు ప్రతి ఒక్కతీ తను కొట్టిన పండులోంచి ఒక పిడికెడు నా గంపలో వెయ్యాలి. ఇది మా కట్టుబాటు. కథ బాగుంటే పిడికిలి పెద్దదవుతుంది, బాగలేకపోతే చిన్నదవుతుంది. పత్రికల్లో పుస్తకాలమీద రాసేవాళ్ళకన్నా మా పిడికిళ్ళు నిజం చెబుతాయి.

ఈ ఎండాకాలం రెండు పుస్తకాలు చదివాను. మొదటిది "తోటలో నలభై రోజులు". నలుగురు పిల్లలు సెలవులకు అవ్వ వాళ్ళ మామిడితోటకు పోతారు. బావిలో ఈదుతారు, కొట్లాడుకుంటారు, నలభయ్యో రోజు ఏడుస్తూ బండెక్కుతారు. చల్లగా ఉంది పుస్తకం, మజ్జిగ తాగినట్టు. కానీ రెండు వందల పేజీల్లో ఆ పిల్లలు తిన్నది తిన్నట్టు లేచిపోతారే కానీ ఒక్కడైనా ఒక్క గిన్నె కడిగినట్టు లేదు. ఆ అవ్వ అంత వంట ఎప్పుడు చేసింది, ఎన్ని నీళ్ళు మోసింది, రాసినాయనకు అక్కర లేకపోయింది. పైగా పిల్లలు ఏప్రిల్ నెలలోనే, అన్నిటికన్నా ఆఖరున పండే నీలం మామిడి పండ్లు కోసుకు తింటారు. అది చదివినప్పుడు మా వసారాలో పదిమందీ ఒక్కసారే గింజ కొట్టడం ఆపి నా మొహం చూశారు, నేనే తప్పు చదివానేమో అని.

రెండోది చరిత్ర నవల, "మట్టికోట రాణమ్మ". ఒక పాళెగాడి చిన్న భార్య కథ. భర్త యుద్ధానికి పోయి తిరిగి రాడు. శత్రువులు కోట చుట్టూ దిగుతారు. లోపల మూడు వందలమంది జనం, ఒక్క బావి. ఆ బావి ఎండిపోతూ వస్తుంది. ఈ పుస్తకం నన్ను పట్టేసింది. రాజుల కథల్లో కిరీటాలూ కత్తులూ ఎన్నో చెబుతారు కానీ లోపల ఎన్ని కుండల నీళ్ళున్నాయో చెప్పరు. ఇందులో చెప్పాడు. పాతరలో గింజలు ఎట్లా దాచారు, పసిబిడ్డలకు ఎన్ని గుక్కలు, ముసలివాళ్ళకు ఎన్ని గుక్కలు, అన్నీ రాణమ్మే కొలిచి ఇస్తుంది. మా వసారాలో పిడికిళ్ళు రోజురోజుకూ పెద్దవయ్యాయి.

ఆఖరి అధ్యాయంలో రాణమ్మ తన చేత్తో కోట తలుపు గడియ తీస్తుంది. జనాన్ని ముందు పంపి, తను చివర నడుచుకుంటూ వెలుపలికి వస్తుంది. ఆ తరువాత ముప్పై ఏళ్ళు అదే కోట కింద పేటలో రాగులు విసిరి బతుకుతుంది.

నేను గడియ తీసే వాక్యం దాకా వచ్చాను. నా నోరు ఆగిపోయింది. ఇన్నాళ్ళు అంత పంతంగా నిలబడినది గడియ తీయడమేమిటి? నాకు కోపం వచ్చింది. పుస్తకం మూసి, వేలు అట్టమీద పెట్టి, చదువుతున్నట్టే నా సొంతంగా చెప్పాను. రాణమ్మ తలుపు తీయలేదు, కత్తి తీసింది, కోట గోడమీద నిలబడి ఒంటిచేత్తో యుద్ధం చేసి, నెత్తురు మడుగులో పడి, "నా గడియ నేనుండగా తెరుచుకోలేదు" అని ప్రాణం వదిలింది. పదిమందీ వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ రోజు నా గంప నిండింది.

ఇంతవరకూ అయితే మా వీధి తప్పు మా వీధిలోనే ఉండేది. కానీ బోర్లించిన బిందెమీద శ్రావణి ఫోను ఉంది. నేను రోజూ చదివేది ఆ పిల్ల రికార్డు చేసి కుప్పంలో ఉన్న మా చెల్లెలు చెంగమ్మకు పంపుతుంది. చెంగమ్మ బడి గడప తొక్కలేదు. అక్కడ పూలు కట్టే ఆడవాళ్ళతో కూర్చుని నా గొంతు వింటూ పని చేసుకుంటుంది.

పది రోజుల తరువాత చెంగమ్మ ఫోను చేసింది.

"అక్కా, ఈడ లైబ్రరీలో ఆదివారం మీటింగు పెట్టినారు. ఎండాకాలంలో సదివిన కథ ఏదన్నా వచ్చి సెప్పల్లంట. నేను రాణమ్మ కథ సెప్తానని పేరిచ్చినా."

"నువ్వు సదవలేదు కదే."

"ఇంటే సాలన్న్యాడు ఆ లైబ్రరీ పిల్లోడు. ఆ బుక్కు ఆడ కూడా ఉండాదంట. శానామంది సదివినారంట."

బతుకులో ఎప్పుడూ పదిమందిలో నోరు తెరవనిది, పుస్తకం చదివినవాళ్ళ ఎదుట నిలబడి, లేని ముగింపు చెబుతుంది. అందరూ నవ్వుతారు. చదువు రానిదానికి ఈ పెత్తనమెందుకని అంటారు. ఫోనులోనే చెప్పేద్దామంటే, దానికి చెవి కాస్త మందం, ఫోను ఎప్పుడూ పెద్ద గొంతుమీదే పెట్టుకుంటుంది. పూలకాడి ఆడవాళ్ళందరూ వింటారు. చెల్లెలికి చెప్పాల్సిన తప్పు ఊరికంతా ఎట్లా చెప్పేది? శుక్రవారం పొద్దున్నే రెండు పుస్తకాలూ, నాలుగు జతల బట్టలూ, చింతపండు ఉండ ఒకటీ సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

పుంగనూరు బస్సు

ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సు ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అయినా నేను అక్కరలేకుండా తిరగను. కండక్టరు ఆడపిల్ల, ముప్పై ఏళ్ళుంటాయి, జడలో కనకాంబరాలు. "కార్డు తియ్యవ్వా" అంది. సంచిలో వెతికాను. లేదు. కొంగుముడిలో లేదు. జాకెట్టులో పెట్టుకునే చిన్న సంచిలో లేదు. బస్సంతా నా సంచిలో తల పెట్టింది.

"బట్టల మడతలో సూడు పెద్దమ్మా" అని ఒకామె.

"ఇంటికాడే మర్సిపోయింటావు, టిక్కెట్టు తీసుకో" అని ముందు సీటులో ఒకాయన.

"ఉచితం బస్సుకు డబ్బులిచ్చి ఎక్కేంత మతిమరుపు నాకింకా రాలేదప్పా" అన్నాను కానీ చెమట పట్టింది.

కండక్టరు పిల్ల నా ఒడిలో పుస్తకం తీసి దులిపింది. కార్డు కింద పడింది. గుర్తు కోసం నేనే పెట్టాను, రాణమ్మ ఆఖరి అధ్యాయం దగ్గర. పుస్తకం మూసిన రోజునుంచీ అది అక్కడే ఉంది.

"దొరికింది లేవ్వా. ఏం బుక్కిది? రాణి కథా? ఆఖర్లో బతుకుతాదా, సస్తాదా?"

బస్సంతా నా జవాబు కోసం చూస్తోంది. "సదువుకో, తెలుస్తాది" అన్నాను. ఆ పిల్ల నవ్వి, సున్నా టిక్కెట్టు చించి చేతిలో పెట్టింది. ఇరుపక్కలా టమోటా తోటలు, కట్టెలకు కట్టిన తీగలు దాటిపోతున్నాయి. నేను వాటిని చూస్తూ ఒక విషయం ఒప్పుకున్నాను. పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి కుప్పంలో ఉండవచ్చు. పుంగనూరులో రాత్రికి ఆగడానికి పని ఏమీ లేదు, భయం తప్ప.

ఆడబిడ్డ ఇంట్లో

పుంగనూరుకు నాలుగు మైళ్ళలో మా ఆడబిడ్డ నాగరత్న ఊరు. వాన చూడని నేల, రాళ్ళు, కానుగ చెట్లు. వాళ్ళకు పసరాలే బతుకు. ఆమె దగ్గర ఒక పుంగనూరు పొట్టి ఆవు ఉంది. నా నడుం ఎత్తుకు కూడా రాదు, తోక మాత్రం నేలకు తగులుతుంది. ఇప్పుడు పట్నం వాళ్ళు కార్లేసుకుని వచ్చి దీనికి లక్షలిస్తామంటున్నారట, ఇంట్లో హాల్లో తిప్పుకోవడానికి. హాల్లో ఆవును తిప్పితే పేడ ఎవరెత్తుతారని నేను అడిగాను. వాళ్ళు అది అడగలేదంది నాగరత్న.

మధ్యాహ్నం రాగి సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి, వంకాయ పులుసు. మా ఇంట్లో సంగటిలో నూకలు ఎక్కువ వేస్తాము, వీళ్ళు రాగిపిండే ఎక్కువ వేస్తారు. ముద్ద నల్లగా, గట్టిగా, చేతికి అంటుకోకుండా ఉంటుంది. పళ్ళెం కింద పెట్టకముందే నా సంగతంతా చెప్పాను. నాగరత్న నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది.

"రాణినే సంపేసినావా వదినా! రాసినాయనకు రాని ఆలోసన నీకు వచ్చిందే!"

"నవ్వతావేందే. అంత మానంగా బతికినది గడియ తీస్తాదా? మానం పోదా?"

"నీళ్ళు లేకుండా సచ్చేటోళ్ళకు మానమేంది?" నాగరత్న నవ్వు ఆపింది. "పెద్ద కరువేడు మా మామ పదకొండు పసరాల పలుపులు ఒక్క పొద్దులో ఇప్పేసినాడు. గడ్డి లేదు, నీళ్ళు లేవు, కొనేటోడు లేడు. ఒక్కోదానికి నుదుట పసుపు పెట్టి, పలుపు ఇప్పి, ఈపు మింద సరిసి పో అన్న్యాడు. కట్టేసి సంపేదానికంటే ఇప్పితే యాడన్నా గుక్కెడు దొరుకుతాదని. పలుపులు మాత్రం సుట్టలు సుట్టి అటక మింద పెట్టుకున్న్యాడు."

"ఒకటన్నా తిరిగొచ్చిందా?"

"ఒకటొచ్చింది. దాని మనవరాలి కడుపున పుట్టిందే, అదో, నీ సంచి నాకతా ఉండాదే, అదే."

చూస్తే ఆ పొట్టి ఆవు నా చింతపండు ఉండను సంచితో సహా చప్పరిస్తోంది. "తోటలో నలభై రోజులు" అట్టమీద మామిడిపండు బొమ్మ సగం తడిసిపోయింది. గ్రంథాలయం వాళ్ళకు ఏం చెప్పాలి? నేను కొంగుతో తుడుస్తూ కూర్చుంటే నాగరత్న పక్కన కూర్చుని, కాస్త మెల్లగా అంది.

"నీ కోపం ఆ రాణి మింద కాదులే వదినా. సెంగమ్మ మింద."

"సెంగమ్మ ఏం చేసింది?"

"నీకే తెల్సు."

తెలుసు. చెంగమ్మకు కుప్పం పక్క పల్లెలో రెండెకరాల బావిపొలం ఉండేది. బావి ఎండింది, మొగుడు మంచం పట్టాడు. అప్పుడు నేను గింజలు పంపిస్తాను, నిలబడు అన్నాను. అది వినలేదు. ఇంటికి తాళమేసి, ఇద్దరు బిడ్డలనూ మొగుణ్ణీ తీసుకుని బెంగుళూరుకు మట్టి మొయ్యడానికి పోయింది. సేద్యం చేసే ఇంటికి తాళం పడకూడదని నేను దానితో రెండేళ్ళు మాట్లాడలేదు. ఏడేళ్ళకు తిరిగి వచ్చి కుప్పంలో స్థిరపడింది, బిడ్డలిద్దరూ ఇప్పుడు నెలజీతాల్లో ఉన్నారు. తరువాత మాటలు కలిశాయి కానీ ఆ తాళం సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.



పలమనేరులో నీలం మామిడి

శనివారం పలమనేరు బస్టాండులో కుప్పం బస్సు కోసం కూర్చున్నాను. గాలి మా ఊరికన్నా చల్లగా ఉంది. టీ పది రూపాయలు, గ్లాసు మాత్రం బొటనవేలంత. పక్కన ఒక ముసలాయన, గోతాంలో పచ్చి మామిడికాయలు. పేరు చిన్నప్ప, గంగవరం దగ్గర తోటకు కాపలా అట. ఆరబెట్టుకుందామని నేను తడిసిన పుస్తకం తీస్తే బొమ్మ చూసి అడిగాడు.

"మామిడి మింద బుక్కామ్మా?"

"మామిడితోట కథ. పిల్లోళ్ళు ఏప్రిల్లో నీలం పండ్లు తింటారంట ఇందులో."

ఆయన నా మొహం, అట్ట, మళ్ళీ నా మొహం చూశాడు. "నీలమా? ఏప్రిల్లోనా? అప్పటికి అది ఉసిరికాయంత ఉంటాదే! బేనీషా అయిపోయి, తోతాపురి అయిపోయి, అన్ని సెట్లూ బోసిపోయినాంక కదా నీలం వచ్చేది!"

"నేనూ అదే అంటాండా."

"ఎవురమ్మా రాసింది? ఒకపారి మా తోటకు పిలుసుకురా. సెట్టుకు కట్టేసి జులై దాకా నిలబెడతా."

ఇద్దరమూ అరగంటసేపు ఆ రచయితను మంచి మాటలతోనే ఉతికాము. చిన్నప్ప గోతాంలోంచి ఒక తోతాపురి తీసి, కొడవలితో నాలుగు ముక్కలు చేసి, ఉప్పూకారం పొట్లం విప్పాడు. డబ్బులిస్తానంటే కోపం వచ్చింది ఆయనకు. అయితే ఒక్కటి చెప్పాలి. ఆ పుస్తకంలో నాకు నచ్చిన చోటు కూడా ఆయనకు చదివి వినిపించాను. ఆరబెట్టిన వడియాలు ఎండావానకు తడిసిపోతే ఆ అవ్వ ఎవరినీ తిట్టకుండా అరుగుమీద కూర్చుని వానను చూస్తుంది. ఎందుకో అది చదివినప్పుడల్లా ఊపిరి తేలికవుతుంది. చిన్నప్ప విని, నాలుక మీది కారానికి ఉస్సుమంటూ, "ఇది మాత్రం తెలిసినోడే రాసినాడు" అన్నాడు. నాకూ అంతే అనిపించింది. ఒక రచయితకు నీలం కాపు తెలియకపోవచ్చు, వాన తెలియవచ్చు. ఒకటి తప్పని రెండోది కొట్టేస్తే మనకే నష్టం.

కుప్పం

బస్సు వి.కోట దాటాక ఏనుగులు తిరిగే చోటని బోర్డులు వచ్చాయి. ఒక్క ఏనుగూ కనిపించలేదు. కుప్పంలో దిగగానే మూడు భాషలు ఒకేసారి చెవిలో పడతాయి. అరటిపండ్లామె నన్ను తమిళంలో పిలిచి, తెలుగులో ధర చెప్పి, పక్కవాడిని కన్నడంలో తిట్టింది. మేము తాటిముంజలంటే వీళ్ళు నుంగులంటారు. పూలు మేము దారంతో కడతాము, ఇక్కడ అరటినారతో కడతారు. నారను నీళ్ళలో నానబెట్టి, గోటితో చీల్చి, సన్నగా తీస్తారు. దారం ఖర్చు లేదు, పూలకు చల్లదనం. ఇది మా ఊరివాళ్ళు నేర్చుకోవాలి.

చెంగమ్మ తన ఇంటిముందు తడకనీడలో ముగ్గురు ఆడవాళ్ళతో మల్లెపూలు కడుతోంది. నన్ను చూసి పూలబుట్ట తన్నుకుంటూ లేచింది.

"మీటింగు సూసేదానికి వచ్చినావా అక్కా! సూడండే, కథ సదివే మా యక్క ఈమే!"

ఆ ముగ్గురూ నా గొంతును రోజూ వింటారు కదా, నన్ను ఎప్పటినుంచో తెలిసినట్టే చూశారు. ఒకామె, "ఫోన్లో గొంతు ఇంకా లావుగా ఉంటాది" అంది.

చెంగమ్మకు ఆగడం లేదు. "ఎట్ల సెప్తానో సూడు" అని పూల అల్లికకు వాడే పుల్ల చేతికి తీసుకుని నిలబడింది. నేను మదనపల్లిలో ఏ మాటలు కల్పించానో ఆ మాటలన్నీ ఒక్కటి తప్పకుండా చెప్పింది. గోడెక్కింది, పుల్ల తిప్పింది, "నా గడియ నేనుండగా తెరుచుకోలేదు" అని మోకాళ్ళమీద పడింది. ఆ ముగ్గురూ కళ్ళు తుడుచుకున్నారు. నాకు సిగ్గేసింది. అంత బాగా చెబుతుందని నాకు తెలియదు.

కాఫీలు తాగి ఆ ముగ్గురూ లేచేదాకా ఆగాను. అప్పుడు చెప్పాను.

"సెంగమ్మా, రాణి సావలేదే. అది పుస్తకంలో లేదు. నేను కల్పించినా."

అది పూలబుట్ట పక్కకు జరిపింది. "ఏముండాది మరి పుస్తకంలో?"

"గడియ తీస్తాది."

"యాల మార్చినావు?"

"నాకు నచ్చలే."

"నాకు అచ్చరం రాదు కదా, ఏం సెప్పినా సరిపోతాదిలే అనుకున్నావా?"

ఇంత గట్టిగా అది నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేను దాన్ని అనడమే కానీ అది నన్ను అనడం ఎరుగను. అట్లా అనుకోలేదని చెప్పబోయాను. అయితే అక్షరం వచ్చినవాళ్ళ ఎదుట అట్లా మార్చి ఉండేదాన్నా? మార్చేదాన్ని కాదు.

"రేపు నేను ఆడ నిలబడి ఇదే సెప్పింటే నవ్వేటోళ్ళు కదా అక్కా."

"అందుకే వచ్చినా."

సంచి నా ముందుకు తోసి, "సదువు. ఉండేది ఉండేట్లు సదువు" అంది.

చదివాను. వేలు పెట్టి, ఒక్క మాట వదలకుండా. రాణమ్మ ఆఖరి కుండలో నీళ్ళు పసిబిడ్డలకు పంచడం, తెల్లవారేసరికి గడియమీద చెయ్యి వెయ్యడం, జనమంతా దాటేదాకా తలుపు పట్టుకుని నిలబడడం, తరువాత పేటలో తిరగలి. చెంగమ్మ చేతిలో మల్లెలు కట్టకుండా ఉండిపోయాయి. అయిపోగానే, "మళ్ళ సదువు" అంది. రెండోసారి చదివాను.

"ఈ రాణి నాకు తెల్సక్కా" అంది చెంగమ్మ. "ఆ కత్తి పట్టుకున్న రాణి ఎవురో నాకు తెలీదు. ఊరికే బాగుండాదని ఏడ్సినా."

ఆదివారం

గ్రంథాలయంలో నలభై కుర్చీలు, ఇరవై అయిదుమంది మనుషులు, రెండు ఫ్యాన్లు. ఎండ మాడిపోతోంది. ముందుగా ఒక కాలేజీ పిల్ల "తోటలో నలభై రోజులు" గురించి చాలా తియ్యగా మాట్లాడింది. నేను లేచి నీలం మామిడి సంగతి అడిగేశాను. ఆ పిల్ల బిక్కమొహం వేసింది. వెనక కూర్చున్న రైతు ఒకాయన మాత్రం చప్పట్లు కొట్టాడు. వాన పేజీ బాగుందని కూడా చెప్పాను, అప్పుడు ఆ పిల్ల నవ్వింది.

తరువాత చెంగమ్మ పేరు పిలిచారు. కొంగు భుజంమీదుగా కప్పుకుని పోయి నిలబడింది. నేనూ లేచి పక్కన నిలబడదామా అనుకున్నాను. అంతలో అది కుండల దగ్గర మొదలుపెట్టింది. "ఆ కోటలో బాయి ఒగటే" అన్నాక ఇక ఆగలేదు. మధ్యలో తమిళం, మధ్యలో తెలుగు. ముప్పావు గంట ఎవరూ కదలలేదు. గడియ దగ్గరికి వచ్చేసరికి ఆగి, నావైపు చెయ్యి చూపింది.

"ఈడికొచ్చేసరికి మా యక్క రాణిని సంపేసిందప్పా. అదో, ఆ నీలం మామిడామె. రాసినాయన సంపలే, ఈమే సంపింది. నాకు సదువు రాదు కదా, నేనూ నమ్మి ఏడ్సినా."

అందరూ గొల్లుమన్నారు. నేను తల వంచుకోలేదు, లేచి దండం పెట్టాను. నవ్వు ఆగాక చెంగమ్మ ఆ కత్తి ముగింపు చెప్పింది, తరువాత నిజం ముగింపు చెప్పింది. రెండూ చెప్పింది. మా వీధి ఆడవాళ్ళకు కూడా తిరిగి వచ్చాక నేను నిజం చదివి వినిపించాను. వాళ్ళు తిట్టినవి అచ్చులో పెట్టేవి కావు.

రిటైరైన పంతులు ఒకాయన లేచి అడిగాడు. "రెండిట్లో ఏది బాగుందమ్మా నీకు?"

చెంగమ్మ ఆలోచించింది. "కత్తి రాణి కథ ఇంటే ఏడుపొస్తాది సార్. ఈ రాణి కథ ఇంటే దాహమైతాది. మీరే సూసుకోండి."

లైబ్రరీ కుర్రవాడు ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు, అది గటగటా తాగింది.

సాయంత్రం ఇంటికి నడుస్తూ దారిలో నుంగులు కొన్నాను. డజను అరవై అంటే యాభైకి ఒప్పించాను. ఒక గట్టుమీద కూర్చుని తిన్నాము. చెంగమ్మ పెదాల పక్కన నీళ్ళు కారుతుంటే చిన్నప్పటిలాగే మోచేత్తో తుడుచుకుంది. ఇన్నేళ్ళు అడగనిది అప్పుడు అడిగాను.

"ఆ పొద్దు ఇంటికి తాళమేసేటప్పుడు ఏమనుకున్నావే?"

అది వెంటనే చెప్పింది, అడుగుతానని ఇన్నేళ్ళూ సిద్ధంగా ఉన్నట్టు.

"ఏమీ అనుకోలే అక్కా. పిల్లోళ్ళకు నీళ్ళు తాగించినా. కడవలో అడుగున మిగిలినవి మల్లెసెట్టుకు పోసేసినా. తాళమేసినా. నాలుగడుగులు పోయి, మళ్ళ వచ్చి తాళం లాగి సూసినా, బాగా పడిందా లేదా అని. లోపల ఎవురన్నా ఎత్తుకుపోయేదానికి ఏమీ లేదు. అయినా లాగి సూసినా."

అది చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక్క మాట మార్చలేదు.